ఫ్రీలాన్సర్‌కి కోర్సు ఫీజులు పన్నులో తగ్గుతాయా? 44ఏడీఏలో ఉంటే లెక్క వేరు

మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకి తెలియాలి కదా. ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో సొంతంగా సాఫ్ట్‌వేర్ పనులు చేస్తున్నారు. 2025-26లో వచ్చిన ఫీజులు 32 లక్షలు, అన్నీ బ్యాంకులోకే. చదువు మీద పెట్టినవి: ఈఎంఐ మీద తీసుకున్న క్లౌడ్ కోర్సు 1,06,200, సర్టిఫికేషన్ పరీక్షలు, విదేశీ సబ్‌స్క్రిప్షన్లు కలిపి 38,000, పుస్తకాలు 9,000, ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ మొదటి వాయిదా 2,10,000, డిసెంబరులో కొన్న ల్యాప్‌టాప్ 92,000. సీఏ గారేమో "ఏదీ విడిగా రాదు" అన్నారు. యూట్యూబులో అన్నీ వస్తాయన్నారు. స్నేహితుడు "కొత్త విధానంలో డిడక్షన్లే లేవు కదా" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

మీ విషయంలో మీ సీఏ గారి మాటే. ఆయన కారణం చెప్పి ఉంటే ఈ ప్రశ్న వచ్చేది కాదు.

వృత్తిలో ఉన్న మనిషి అదే వృత్తికి పదును పెట్టుకోవడానికి చేసిన చదువు ఖర్చు సెక్షన్ 37(1) కింద తగ్గుతుంది. కానీ 44ఏడీఏలో రిటర్ను వేస్తే ఆ ఖర్చు అప్పటికే తగ్గించేసినట్టు లెక్క, మళ్లీ తగ్గదు. మీ అంకెలకి 44ఏడీఏనే లాభం. అందుకే కోర్సు ఫీజుల గొడవ మీకు ఈ ఏడాదికి అవసరం లేదు.

44ఏడీఏ అంటే ఏంటో నాలుగు ముక్కల్లో. చట్టం పేర్కొన్న వృత్తులవాళ్లు, అంటే వకీళ్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, కంపెనీ సెక్రటరీలు, ఐటీ వాళ్లు, సినిమా కళాకారులు, వచ్చిన ఫీజుల్లో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. రాబడి 50 లక్షల వరకు ఈ వీలుంది. నగదుగా వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షల వరకు. లెక్కల పుస్తకాలు రాయక్కర్లేదు, ఆడిట్ లేదు, అడ్వాన్స్ ట్యాక్స్ కూడా నాలుగు వాయిదాలు కాకుండా మార్చి 15 లోపు ఒకేసారి కట్టొచ్చు. ఇన్ని సౌకర్యాలకి బదులుగా చట్టం పెట్టిన షరతు ఒక్కటే: సెక్షన్ 30 నుంచి 38 దాకా ఉన్న ఖర్చులన్నీ ఆ మిగతా సగంలోనే ఉన్నాయనుకోవాలి. అద్దె, ఇంటర్నెట్టు, కోర్సు ఫీజు, ల్యాప్‌టాప్ తరుగుదల అన్నీ అందులోవే. 44ఏడీఏ వాళ్లు వేసే ఐటీఆర్-4 ఫారం తెరిచి చూడండి, ఖర్చు రాసే గడే కనపడదు. రాబడి వేస్తారు, సగం వేస్తారు, అంతే.

ఇప్పుడు మీ లెక్క. మీరు చెప్పినవీ, ఇంట్లో ఆఫీసు గది, ఇంటర్నెట్టు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు వగైరా కలిపి ఎంత లాగినా 7 లక్షలు దాటవనుకుందాం.

44ఏడీఏలో ఆదాయం 16 లక్షలు. కొత్త పన్ను విధానంలో 2025-26 శ్లాబుల ప్రకారం 1,20,000, సెస్సుతో 1,24,800.

అసలు ఖర్చులు చూపిస్తే ఆదాయం 25 లక్షలు. పన్ను 3,30,000, సెస్సుతో 3,43,200.

తేడా 2,18,400. ఇంకో మాట చెప్పాలి. మీ రాబడి 24 లక్షల లోపే ఉండి వేరే ఆదాయం లేకపోయుంటే, సగం 12 లక్షల లోపు కాబట్టి సెక్షన్ 87ఏ రిబేటుతో పన్నే పడేది కాదు. అలాంటివాళ్లు కూడా కోర్సు బిల్లులు పట్టుకుని సీఏల చుట్టూ తిరుగుతుంటారు.

మరి అసలు ఖర్చుల దారి ఎవరికి లాభం? ఖర్చులు రాబడిలో సగం దాటినవాళ్లకి. ఉదాహరణకి రాబడి 40 లక్షలు, కింద ఇద్దరు డెవలపర్లకి పని ఇచ్చి, కోవర్కింగ్ అద్దె కట్టి, 1.5 లక్షల కోర్సులతో సహా ఖర్చు 24 లక్షలు అయిందనుకోండి. 44ఏడీఏలో 20 లక్షల మీద 2,08,000 కట్టాలి. అసలు లెక్కలో 16 లక్షల మీద 1,24,800. మిగిలేది 83,200. అందులో కోర్సుల వాటా విడదీస్తే 31,200 మాత్రమే. ఎందుకంటే 16 నుంచి 20 లక్షల మధ్య రేటు 20 శాతం, సెస్సు కలిపితే 20.8.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. 44ఏడీఏకి అర్హత ఉండి సగం కంటే తక్కువ లాభం చూపిస్తే, మొత్తం ఆదాయం పన్ను పడని పరిమితి దాటినప్పుడు పుస్తకాలు రాయాలి, 44ఏబీ కింద ఆడిట్ చేయించాలి. ఆడిట్ లేకుండా, అసలు ఖర్చులు చూపించే ఐటీఆర్-3 వేసేస్తే 271బీ కింద రాబడిలో అర శాతం, గరిష్ఠంగా 1.5 లక్షలు జరిమానా పడొచ్చు. 40 లక్షల మీద అర శాతమంటే 20,000. ఆడిట్ ఫీజు, ఏడాది పొడుగునా అకౌంట్స్ రాయించే ఖర్చు ఆ 83,200 లోంచి తీసేసి, అప్పుడు ఏమైనా మిగిలితే ఆ దారి పట్టండి. ఒక ఊరట ఏంటంటే చిన్న వ్యాపారులకి వర్తించే 44ఏడీలో ఉన్నట్టు ఐదేళ్ల కట్టుబాటు 44ఏడీఏలో లేదు. ఈ ఏడాది ఇటు, వచ్చే ఏడాది అటు వెళ్లొచ్చు.

పై జాబితాలో లేని వృత్తులవాళ్ల సంగతి వేరు. అనువాదకులు, కార్పొరేట్ ట్రైనర్లు, సంగీతం టీచర్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఆ జాబితాలో లేరు. సినిమా కెమెరామన్ ఉన్నాడు, పెళ్లి కెమెరామన్ లేడు. చట్టం అంతే. వీళ్లకి 44ఏడీఏ లేదు కాబట్టి అసలు ఖర్చులే దారి. వృత్తిగా చూపించి రాబడి 50 లక్షలు దాటకపోతే ఆడిట్ కూడా లేదు. కోర్సు ఫీజు నిజంగా పనికొచ్చేది వీళ్లకే.

వీళ్లలోనూ ఒక గమ్మత్తైన చోటుంది. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను సున్నా, పైన కొద్దిగా దాటితే మార్జినల్ రిలీఫ్ వస్తుంది. అంటే పన్ను, 12 లక్షలకి పైనున్న సొమ్ముని మించకూడదు. ఒక ట్రైనర్‌కి ఖర్చులన్నీ పోగా 12,60,000 లాభం తేలిందనుకోండి. శ్లాబు లెక్కలో 69,000 రావాలి, రిలీఫ్‌తో 60,000కి ఆగుతుంది, సెస్సుతో 62,400. అదే మనిషి ఆ ఏడాది తన వృత్తికి అవసరమైన కోర్సుకి కట్టిన 60,000 బిల్లు లెక్కలో వేయడం మర్చిపోయి ఉంటే? వేయగానే ఆదాయం 12 లక్షలు, పన్ను సున్నా. 60,000 ఖర్చుకి 62,400 మిగిలింది. 12 లక్షల నుంచి దాదాపు 12.7 లక్షల మధ్య ఉన్నవాళ్లు పాత ఈమెయిళ్లలో ఫీజు రసీదులు వెతుక్కోవడం దండగ కాదు. అలాగని మార్చి 28న పనికిరాని కోర్సు కొనమని కాదు.

మీ స్నేహితుడు కలగాపులగం చేసింది వేరే విషయం. కొత్త విధానంలో పోయేవి 80సీ, 80ఈ లాంటి మినహాయింపులు. వృత్తి ఖర్చులు పోవు. 37(1) డిడక్షన్ కాదు, ఆదాయం లెక్కగట్టే పద్ధతిలోనే భాగం. లాభమంటే రాబడిలోంచి ఖర్చు పోగా మిగిలింది, అది ఏ విధానంలోనైనా ఒకటే.

80సీ మాట వచ్చింది కాబట్టి: అందులో ట్యూషన్ ఫీజు పిల్లల చదువుకే, అదీ ఇద్దరికే, ఫుల్‌టైమ్ కోర్సులకే. మీ సొంత కోర్సు ఫీజు అందులో పెట్టకూడదు. 80ఈ మాత్రం మీ సొంత పైచదువుకి తీసుకున్న బ్యాంకు అప్పు మీద వడ్డీకి వర్తిస్తుంది. వడ్డీకే, అసలుకి కాదు, ఎనిమిదేళ్ల వరకు, పాత విధానంలో మాత్రమే.

ఇక అసలు ఖర్చుల దారిలో ఉన్నవాళ్ల కోసం. ఏ చదువు వస్తుంది, ఏది రాదు?

37(1) పెట్టే పరీక్షలు ఇవి: ఖర్చు సొంతానికి అయినది కాకూడదు, పెట్టుబడి ఖర్చు (ఆస్తి కొనడం లాంటిది) కాకూడదు, పూర్తిగా వృత్తి కోసమే అయ్యుండాలి. చదువు దగ్గర దీన్ని ఆచరణలో ఒకే ప్రశ్నగా మార్చుకోవచ్చు: ఈ కోర్సు నేను ఇప్పుడు చేస్తున్న పనిని బాగా చేయడానికా, లేక ఇప్పుడు చేయలేని పనికి అర్హత సంపాదించడానికా? మొదటిది వస్తుంది. రెండోది చాలావరకు రాదు.

మీ క్లౌడ్ కోర్సు మొదటి రకం. మీరు క్లయింట్లకి క్లౌడ్‌లోనే పనులు చేస్తున్నారు. పరీక్ష ఫీజులు, సబ్‌స్క్రిప్షన్లూ అంతే. విజయవాడలో ప్రాక్టీసున్న వకీలు జీఎస్టీ మీద మూడు నెలల కోర్సు చేసినా, ఆర్కిటెక్టు కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నా, డాక్టరు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి కావాల్సిన సీఎంఈ (డాక్టర్ల నిరంతర విద్య) గంటలకి ఫీజు కట్టినా, సీఏ తన సీపీఈ (సీఏల నిరంతర విద్య) గంటల కోసం సెమినార్‌కి వెళ్లినా పేచీ పెద్దగా ఉండదు. వృత్తి నిలబెట్టుకోవడానికే తప్పనిసరైన చదువు కంటే గట్టి ఆధారం ఏముంటుంది?

ఎంబీఏ నా ఉద్దేశంలో రాదు. అది డిగ్రీ, జీవితాంతం మీ పేరు పక్కన ఉంటుంది, రేపు మీరు ఫ్రీలాన్సింగ్ మానేసి ఉద్యోగంలో చేరినా పనికొస్తుంది. అధికారి "ఇది సొంత ఖర్చు, కాదంటే పెట్టుబడి ఖర్చు" అంటాడు, రెండింట్లో ఏదైనా మీకు నష్టమే. దీర్ఘకాల ప్రయోజనం ఉన్నంత మాత్రాన ప్రతి ఖర్చూ పెట్టుబడి ఖర్చు అయిపోదని సుప్రీంకోర్టు 1980లో ఎంపైర్ జ్యూట్ కేసులో చెప్పింది నిజమే. ఆ తీర్పు పట్టుకుని వాదించొచ్చు. కానీ 2,10,000 కోసం అప్పీళ్ల దాకా వెళ్లే ఓపిక ఉందా అన్నది చూసుకోవాలి. ఎంబీబీఎస్ డాక్టరు పీజీ చేసినా ఇదే చిక్కు. కోర్సు పేరులో డిగ్రీ ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

వృత్తి మొదలుపెట్టకముందు కట్టిన ఫీజు రాదు. ఉద్యోగంలో ఉండగా జూన్‌లో కోర్సు చేసి, అక్టోబరులో రాజీనామా చేసి, నవంబరులో మొదటి క్లయింటు దొరికితే ఆ జూన్ ఫీజు వృత్తి ఖర్చు కాదు. జీతంలోంచి తగ్గించుకునే వీలు కూడా లేదు.

డాక్టర్లకి ఒక హెచ్చరిక. సమావేశం ఫీజు, విమానం టికెట్టు మందుల కంపెనీ కడితే అది మీ ఖర్చు కాదు. పైగా ఆ విలువ మీ ఆదాయం. ఏడాదికి 20,000 దాటితే కంపెనీ 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్ కట్టాలి, అది మీ పేరున జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో కనపడుతుంది. రిటర్నులో చూపించకపోతే సిస్టమ్ పట్టుకుంటుంది.

ఇప్పుడు మీ జాబితాలో లెక్క తప్పే చోట్లు, ఒక్కొక్కటీ.

క్లౌడ్ కోర్సు 1,06,200లో 16,200 జీఎస్టీ. సేవల మీద 20 లక్షలు దాటాక మీకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉండి, ఆ 16,200 ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటే, ఖర్చు 90,000 మాత్రమే. రెండు చోట్లా వేసుకోకూడదు. బిల్లు మీద మీ జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు) లేకపోతే క్రెడిట్ రాదు, కాబట్టి కోర్సు కొనేటప్పుడే ఇవ్వండి. తర్వాత బిల్లు మార్పించుకోవడానికి చాలా తిప్పుతారు. నిజానికి 44ఏడీఏలో ఉన్న మీకు కోర్సు బిల్లు మీద వచ్చే లాభం ఈ 16,200 ఒక్కటే. ఆదాయపు పన్ను దారి ఏదైనా జీఎస్టీ క్రెడిట్ విడిగా నడుస్తుంది. దాన్ని వదిలేసుకోకండి.

ఈఎంఐ. "నో కాస్ట్" అన్నా సరే, అక్కడ జరిగేది ఇదీ: ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున అప్పు ఇచ్చి ఫీజు మొత్తం కోర్సు కంపెనీకి కట్టేస్తుంది. మీ ఖర్చు ఆ రోజే పూర్తిగా అయిపోయింది. తర్వాత నెలనెలా కట్టేది అప్పు తీర్చడం, ఖర్చు కాదు. వడ్డీ విడిగా చూపిస్తే అది 36(1)(iii) కింద వస్తుంది. ఫీజు మొత్తం ఒకసారి, ఈఎంఐలు మళ్లీ ఒకసారి వేసిన లెక్కలు తరచూ కనిపిస్తాయి. కోర్సు మధ్యలో మానేసి మరుసటి ఏడాది రీఫండ్ వస్తే, అది ఆ ఏడాది ఆదాయం.

విదేశీ సబ్‌స్క్రిప్షన్లు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు విదేశీ సేవ కొంటే రివర్స్ చార్జి కింద 18 శాతం మీరే కట్టి, మీరే క్రెడిట్ తీసుకోవాలి. చాలామంది ఇది వదిలేస్తారు. ఇక ఆదాయపు పన్ను వైపు, విదేశీయులకి కట్టేదాని మీద 195 కింద టీడీఎస్ పడే అవకాశం ఉండి కోయకపోతే, 40(ఏ)(i) కింద ఆ ఖర్చు మొత్తం కొట్టేస్తారు. అమెరికా విద్యాసంస్థలు బోధనకి తీసుకునే ఫీజుని ఆ దేశంతో ఉన్న పన్ను ఒప్పందం 12వ అధికరణం సాంకేతిక సేవల ఫీజులోంచి మినహాయించింది. అదే ఒక విదేశీ నిపుణుడికి రెండు లక్షలు పంపి వ్యక్తిగతంగా శిక్షణ తీసుకుంటే అంత తేలిక కాదు. డబ్బు పంపే ముందే సీఏని అడగండి, పంపాక కాదు. విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్, ఏమైనా ఉంటే అది ఖర్చు కాదు, రిటర్నులో తిరిగొచ్చే క్రెడిట్.

పుస్తకాలు, ల్యాప్‌టాప్ ఆస్తులు, ఒకేసారి తగ్గవు. రెండింటికీ తరుగుదల 40 శాతం. ఆ ఏడాది వాడింది 180 రోజుల కంటే తక్కువైతే అందులో సగం. డిసెంబరు ల్యాప్‌టాప్‌కి 92,000 మీద 20 శాతం, అంటే 18,400. జీఎస్టీ క్రెడిట్ తీసుకుంటే ఆ మేరకు 92,000 కూడా తగ్గించుకోండి. ఇంట్లో పిల్లలు కూడా వాడుతుంటే ఆ వాటా తీసేయాలి. ఒక సూక్ష్మం: 44ఏడీఏలో ఉన్న ఏడాది కూడా ఈ 18,400 తగ్గించినట్టే లెక్క. వచ్చే ఏడాది అసలు ఖర్చుల దారికి మారితే 92,000తో మొదలుపెట్టకూడదు, 73,600తో మొదలుపెట్టాలి.

నగదు. ఒక రోజులో ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే 40ఏ(3) కింద ఆ ఖర్చు రాదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్‌కి 25,000 నోట్లు లెక్కబెట్టి ఇచ్చి చేతిరాత రసీదు తెచ్చుకుంటే అది గోడకి అంటించుకోవడానికే. యూపీఐలో కట్టండి.

కాగితాలు. ఫీజు బిల్లు, బ్యాంకు లేదా కార్డు స్టేట్‌మెంటులో ఆ వరుస, కోర్సు సిలబస్ పేజీ, పూర్తి చేసిన సర్టిఫికెట్టు. వీటికంటే విలువైనది ఇంకోటుంది, అది ఎవరూ దాచరు: ఆ నైపుణ్యం కావాలని క్లయింటు అడిగిన ఈమెయిలు, లేదా ఆ పని ఉన్న ఒప్పందం. 142(1) నోటీసులో "ఈ ఖర్చు వృత్తికి ఎలా సంబంధమో వివరించండి" అని వస్తుంది. అప్పుడు "మే 12న ఫలానా క్లయింటు ఈ పని అడిగారు, జూన్‌లో కోర్సు, ఆగస్టు నుంచి అదే పని మీద ఇన్‌వాయిస్‌లు ఇవి" అని మూడు వరుసలు రాసి జతపరిస్తే సాధారణంగా అక్కడితో ఆగుతుంది. బిల్లు భార్య పేరునో తమ్ముడి పేరునో ఉంటే ఎంత రాసినా ఆగదు. సంబంధం లేని ఖర్చు వేసి దొరికితే 270ఏ కింద తక్కువ చూపిన ఆదాయం మీది పన్నులో 50 శాతం జరిమానా, తప్పుడు వివరాలని తేలితే 200 శాతం. ఐటీఆర్-3లో దీన్ని "ఇతర ఖర్చులు" కింద స్వభావం రాసి విడిగా చూపించండి, "నానా ఖర్చులు"లో కలిపేస్తే అనుమానం పెరుగుతుంది.

పైన రాసిన సెక్షన్ నంబర్లన్నీ 1961 చట్టానివి, 2025-26 రిటర్నుకి అవే. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. అందులో నంబర్లు మారాయి, కాబట్టి వచ్చే ఏడాది ఈ జవాబు చదివేవాళ్లు సెక్షన్లు సరిచూసుకోవాలి.

మీరు ఐటీఆర్-4లో 16 లక్షలు చూపించి, జీఎస్టీ క్రెడిట్లు సరిచూసుకోండి. మీ 32 లక్షల్లో వేరేవాళ్లకి పంచి ఇచ్చిన పని సొమ్ము ఏమైనా ఉంటే మాత్రం ఎంతో ఇక్కడ రాయండి. అది 9 లక్షలు దాటితే, పైన అనుకున్న 7 లక్షలతో కలిపి ఖర్చు సగం దాటి, పై లెక్క తిరగబడుతుంది.